తప్పు డిస్క్‌దా, దారిదా?

2011 జనవరిలో ఇంటెల్ కంపెనీ శాండీ బ్రిడ్జ్ ప్రాసెసర్లను మార్కెట్లోకి తెచ్చింది. వేగం బాగుందని పేరు రావడంతో విడిభాగాలు కొని సొంతంగా కంప్యూటర్ బిగించుకునే వాళ్లు ప్రపంచమంతటా ఎగబడ్డారు. నెల తిరక్కముందే, జనవరి 31న, ఇంటెల్ తనంతట తానే బయటికొచ్చి ఒక లోపం ఒప్పుకుంది. ప్రాసెసర్‌కు ఏ దోషమూ లేదు. దానికి తోడుగా మదర్‌బోర్డు మీద ఉండే 6 సిరీస్ చిప్‌సెట్‌లోనే తేడా వచ్చింది. హార్డ్ డిస్కులు తగిలించే సాటా పోర్టుల్లో రెండు వేగమైనవి, నాలుగు పాతరకం వేగానివి ఉంటాయి. ఆ నాలుగూ వాడేకొద్దీ నీరసించిపోతాయని తేలింది. వాటికి గడియారపు సంకేతం అందించే భాగంలో ఒక్క ట్రాన్సిస్టర్ మీద, అది తట్టుకోగలిగిన దానికంటే ఎక్కువ వోల్టేజీ పడేలా డిజైన్ చేశారు. రోజులు గడిచేకొద్దీ దాని గుండా కరెంటు లీకవుతుంది. మరమ్మతులకూ మార్పిడికీ 70 కోట్ల డాలర్లు, అమ్మకాల నష్టం మరో 30 కోట్లు అని కంపెనీ లెక్క చెప్పింది.

అంత డబ్బు సంగతి పక్కన పెడితే, ఆ బోర్డు కొన్న మనిషికి ఇంట్లో ఏం కనబడుతుంది? ఫైళ్లు కాపీ చేస్తుంటే మధ్యలో ఆగుతాయి. కొన్నాళ్లకు విండోస్ లేవడానికే ఐదు నిమిషాలు పడుతుంది. చివరికి డిస్క్ ఉన్నట్టుండి మాయమై, కంప్యూటర్ ఆపి మళ్లీ వేస్తే కనబడుతుంది. ఈ లక్షణాలు ఎవరికి చెప్పినా వచ్చే జవాబు ఒకటే: హార్డ్ డిస్క్ పోయింది, మార్చెయ్. మార్చిన డిస్క్‌ను మళ్లీ అదే పోర్టుకు పెడితే మళ్లీ అదే కథ.

కొత్తగా బిగించిన కంప్యూటర్‌లో డిస్క్ మొరాయించడానికీ, ఆరేళ్ల పాత కంప్యూటర్‌లో మొరాయించడానికీ ఉన్న తేడా ఇక్కడే ఉంది. పాతదాంట్లో కేబుళ్లు, కరెంటు అందించే ఎస్‌ఎంపీఎస్, బోర్డు అన్నీ ఏళ్ల తరబడి పనిచేసి తమ నిజాయితీ నిరూపించుకున్నవే. అందుకే అనుమానం డిస్క్ మీదికే పోవడంలో న్యాయం ఉంది. కొత్తదాంట్లో ప్రతి భాగమూ ముద్దాయే. సికింద్రాబాద్‌లో చెనాయ్ ట్రేడ్ సెంటర్‌కు వెళ్లి, నాలుగు షాపుల్లో బేరమాడి తెచ్చుకున్న భాగాలు ఒకదానితో ఒకటి మొదటిసారి మాట్లాడుకుంటున్నాయి. వాటిని బిగించిన చేతులూ కొత్తవే కావచ్చు.

డిస్క్ మీద పడే నిందలో ఎంత నిజమో చెప్పే అంకె ఒకటుంది. 2007లో కార్నెగీ మెలన్ విశ్వవిద్యాలయం నుంచి బియాంకా ష్రోడర్, గార్త్ గిబ్సన్ పెద్ద కంప్యూటర్ కేంద్రాల్లోని సుమారు లక్ష డిస్కుల రికార్డులను పరిశీలించారు. కంపెనీల కాగితాల ప్రకారం ఏడాదికి వందకు ఒక డిస్క్ కూడా పోకూడదు. వాళ్ల లెక్కలో రెండు నుంచి నాలుగు పోవడం మామూలుగా ఉంది, కొన్నిచోట్ల 13 దాకా వెళ్లింది. కాగితం మీది అంకెలను నమ్మకూడదని అందరూ ఈ పరిశోధనను గుర్తుపెట్టుకున్నారు. అందులోనే మరో మాట కూడా ఉంది: పాడైందని కొనుగోలుదారులు తిరిగి పంపిన డిస్కుల్లో 43 శాతంలో తమకు ఏ లోపమూ కనబడలేదని ఒక తయారీదారు చెప్పాడట. తయారీదారు మాట గనక కొంత తగ్గించి వినాలి. సగానికి తగ్గించినా చిన్నది కాదు.

ఇంతకీ పాడవడం అంటే ఏమిటో తెలియాలంటే డబ్బా లోపల ఏం జరుగుతోందో చూడాలి. మొదటి హార్డ్ డిస్క్‌ను ఐబీఎం 1956లో కాలిఫోర్నియాలోని శాన్ హోసేలో తయారుచేసింది. ఒక్కొక్కటి రెండడుగుల వ్యాసమున్న 50 పళ్లేలు, అన్నీ కలిపి దాచగలిగింది 50 లక్షల అక్షరాలు. ఇవాళ ఫోన్‌తో తీసే ఒక్క పెద్ద ఫొటో కూడా దాంట్లో పట్టకపోవచ్చు. అందులో చదివే హెడ్‌కూ పళ్లేనికీ మధ్య ఖాళీ 20 మైక్రోమీటర్లు. ఇప్పటి డిస్క్‌లో ఆ ఖాళీ కొద్ది నానోమీటర్లు మాత్రమే, అంటే వెయ్యి రెట్లకు పైగా తగ్గింది. మూడున్నర అంగుళాల డిస్క్‌లో పళ్లెం నిమిషానికి 7,200 సార్లు తిరిగితే దాని అంచు గంటకు దాదాపు 130 కిలోమీటర్ల వేగంతో పోతుంటుంది. ఆ వేగానికి పుట్టే గాలిపొర మీదే హెడ్ తేలుతుంది. మూత తీస్తే లోపల పడే దుమ్ము కణం ఆ ఖాళీకి కొన్ని వందల రెట్లు పెద్దది. యూట్యూబ్‌లో మూత తీసి తిప్పి చూపించే వీడియోలు చూడటానికి బాగుంటాయి. అంతవరకే.

డిస్క్ మీద సమాచారం సెక్టర్లుగా ఉంటుంది. ఇప్పటివాటిలో సెక్టర్‌కు 4,096 బైట్లు. ప్రతి సెక్టర్ చివరా తప్పులు దిద్దుకోవడానికి అదనపు గుర్తులు రాసి ఉంటాయి. చాలామందికి తెలియని సంగతేమిటంటే, ఆరోగ్యంగా ఉన్న డిస్క్ కూడా చదివిన ప్రతిసారీ ఎంతో కొంత తప్పు చదువుతూనే ఉంటుంది. ఆ గుర్తుల సాయంతో లెక్కకట్టి సరిచేసి పైకి పంపుతుంది. ఫ్యాక్టరీ నుంచి మచ్చలేకుండా వచ్చే డిస్క్ ఒక్కటీ ఉండదు. అక్కడే చెడ్డచోట్లను గుర్తించి, పట్టిక రాసి, వాటి జోలికి పోకుండా పక్కన పెట్టి అమ్ముతారు. కాబట్టి కొత్త డిస్క్‌లో లోపముందా లేదా అన్నది అసలు ప్రశ్న కాదు. ఫ్యాక్టరీ గీసిన గీత దాటి లోపం పెరుగుతోందా అన్నదే ప్రశ్న.

ఒక సెక్టర్ దిద్దుబాటుకు కూడా లొంగకపోతే డిస్క్ వెంటనే చేతులెత్తేయదు. హెడ్‌ను అటో వెంట్రుక ఇటో వెంట్రుక జరిపి మళ్లీ మళ్లీ చదువుతుంది. ఇంట్లో వాడే రకం డిస్కులు ఇందులో మహా మొండివి. సర్వర్లకూ, నెట్‌వర్క్ నిల్వకు వాడే నాస్ పెట్టెలకూ చేసినవి సాధారణంగా ఏడు సెకన్లలో వదిలేసి తప్పు జరిగిందని చెప్పేస్తాయి, ఎందుకంటే అక్కడ రెండో ప్రతి వేరే డిస్క్‌లో ఉంటుంది. ఇంటి డిస్క్ మాత్రం ఆ ఒక్క సెక్టర్ కోసం చాలాసేపు కొట్టుకుంటుంది. ఆ సమయంలో మౌస్ కదులుతుంటుంది, కిటికీలు మాత్రం రాయిలా బిగుసుకుపోతాయి. విండోస్ పాడైందనుకుని మళ్లీ ఇన్‌స్టాల్ చేసేవాళ్లు ఈ దశలోనే కనిపిస్తారు.

అప్పటికీ చదవలేకపోతే డిస్క్ ఆ సెక్టర్‌ను పెండింగ్ పట్టికలో రాసుకుంటుంది. వెంటనే తీసెయ్యదు. అక్కడ ఉన్నది యజమాని పెళ్లి ఫొటో కావచ్చు, రేపు మళ్లీ అడిగితే చదవడం కుదరనూవచ్చు. ఎవరైనా ఆ చోట కొత్తగా రాసినప్పుడే తీర్పు ఇస్తుంది. రాసింది నిలిస్తే పెండింగ్ నుంచి పేరు కొట్టేస్తుంది. నిలవకపోతే ఆ సెక్టర్‌ను శాశ్వతంగా వదిలేసి, విడిగా దాచిన నిల్వలోంచి వేరే సెక్టర్‌ను దాని బదులు పెడుతుంది. ఈ తేడా మన ఊళ్లలో పనికొస్తుంది. యూపీఎస్ లేని ఇంట్లో, రాస్తుండగా కరెంటు పోతే, సగం రాసిన సెక్టర్ తర్వాత చదవడానికి రాదు. పళ్లెం మీద గీత కూడా పడి ఉండదు, పెండింగ్ అంకె మాత్రం ఒకటి చూపిస్తుంది. ఒక్క పెండింగ్ సెక్టర్‌కు డిస్క్‌ను చెత్తబుట్టలో వేయడం తొందరపాటు. అది ఒకటి నుంచి ఎనిమిదికీ, ఎనిమిది నుంచి నలభైకీ పాకుతోందంటే మాత్రం పళ్లెం మీద నిజంగానే ఏదో గీరుకుపోతోంది.

ఇక్కడ ఒక్క నిమిషం ఆగాలి. తప్పు ఎవరిదో తేల్చే పని ఎంత ఆసక్తిగా ఉన్నా, వేరే చోట నకలు లేనిది ఏదైనా ఆ డిస్క్‌లో ఉంటే ముందు దాన్ని బయటికి తీయాలి. పరీక్షలన్నీ ఆ తర్వాతే. చావుకు దగ్గరైన డిస్క్‌కు ఇంకా ఎన్ని గంటల తిరుగుడు మిగిలిందో ఎవరికీ తెలియదు. ఆ గంటల్ని పరీక్షకు ఖర్చుపెట్టాలా, ఫైళ్లకు ఖర్చుపెట్టాలా అన్నది ఆలోచించాల్సిన విషయం కూడా కాదు. కొత్త కంప్యూటర్ గదా, అందులో ఏముంటుందిలే అనుకుంటారు. కానీ చాలామంది కొత్తది బిగించగానే చేసే మొదటి పని పాతదాంట్లోని ఫొటోలన్నీ ఇందులోకి ఎత్తి, పాత డిస్క్‌ను ఫార్మాట్ చేసి తమ్ముడికిచ్చేయడం.

చాలామంది అలవాటుగా ముందు నడిపే చెక్‌డిస్క్ ఇక్కడ మిత్రుడు కాదు. దాని పని ఫైళ్ల పట్టికను పొందికగా ఉంచడం. అందుకోసం అది డిస్క్ మీద రాస్తుంది, అతకని ముక్కల్ని కత్తిరిస్తుంది, /ఆర్ అని అడిగితే డిస్క్ అంతటినీ ఈ చివర నుంచి ఆ చివరకు చదివిస్తుంది. కుంటుతున్న డిస్క్‌కు ఇంతకంటే పెద్ద శిక్ష లేదు. డిస్క్‌ను ఫార్మాట్ చేయాలి, చేయనా అని విండోస్ అడిగితే వద్దనడమే జవాబు. ఈ పనికి సరైన పనిముట్టు జీఎన్‌యూ డీడీరెస్క్యూ అనే ఉచిత ప్రోగ్రామ్, లైనక్స్ పెన్‌డ్రైవ్ నుంచి నడపొచ్చు. దాని తెలివి అంతా క్రమంలోనే ఉంది. మొదటి విడతలో సులువుగా వచ్చేవన్నీ తీసుకుని, చెడ్డచోటు తగలగానే దాన్ని దాటి దూకేస్తుంది. ఎక్కడెక్కడ దాటేసిందో ఒక ఫైలులో రాసుకుంటుంది. తేలిగ్గా దక్కేదంతా వేరే డిస్క్‌లోకి చేరాకే మళ్లీ వెనక్కొచ్చి ఆ చోట్ల దగ్గర కూర్చుంటుంది. మధ్యలో ఆపినా, ఆ ఫైలు ఉంటే ఆపిన చోటి నుంచే మొదలవుతుంది.

డిస్క్‌ను ఫ్రీజర్‌లో పెట్టే చిట్కా ఇంకా నోటినోటికీ తిరుగుతోంది. బయటికి తీయగానే చల్లటి లోహం మీద తేమ పేరుకుంటుంది, కొద్ది నానోమీటర్ల ఖాళీలో ఒక్క నీటి తుంపర చాలు. అదే మోడల్ ఇంకో డిస్క్ కొని దాని సర్క్యూట్ బోర్డు మార్చడమూ పాతకాలపు వైద్యమే. ఇప్పటి బోర్డు మీది చిప్‌లో ఆ డిస్క్‌కే ప్రత్యేకమైన కొలతలు ఫ్యాక్టరీలో రాసి ఉంటాయి. ఆ చిప్ కూడా మార్చి అతికించకపోతే కొత్త బోర్డుకు పాత పళ్లేలు అర్థం కావు.

ఫైళ్లు బయటపడ్డాయి. ఇక విచారణ.

డిస్క్ తన ఆరోగ్యం గురించి తానే లెక్కలు రాసుకుంటుంది. 1990లలో ఐబీఎం, కాంపాక్ వేరువేరుగా మొదలుపెట్టిన ఈ పద్ధతి తర్వాత అన్ని కంపెనీలకూ ఉమ్మడై స్మార్ట్ అనే పేరుతో స్థిరపడింది. విండోస్‌లో క్రిస్టల్‌డిస్క్‌ఇన్ఫో, ఎక్కడైనా స్మార్ట్‌సీటీఎల్ ఈ లెక్కల్ని చూపిస్తాయి. అందులో పైన పెద్దక్షరాల్లో కనబడే ‘గుడ్’ అన్న మాటకు విలువ చాలా తక్కువ. తయారీదారు పెట్టిన గీత దాటితేనే డిస్క్ తనను తాను చెడ్డదంటుంది, ఆ గీతను ఎంత కిందికి పెట్టాలన్నది వారంటీ ఖర్చు భరించే తయారీదారు ఇష్టం. చూడాల్సింది కింద చిన్నక్షరాల్లోని ముడి అంకెల్ని. క్రిస్టల్‌డిస్క్‌ఇన్ఫో వాటిని మామూలుగా పదహారు ఆధారపు సంఖ్యల్లో చూపిస్తుంది. అక్కడ 10 అంటే పదహారు. ఈ చిన్న విషయం తెలియక హడలిపోయిన వాళ్లున్నారు, తెలియక నిశ్చింతగా ఉన్నవాళ్లూ ఉన్నారు. సీగేట్ డిస్క్ కొన్నవాళ్లకు ఇంకో హడల్ కాచుకుని ఉంటుంది: మొదటి వరసలోని రీడ్ ఎర్రర్ రేట్ కోట్లలో కనబడుతుంది. ఆ అంకెలో కింది భాగం ఎన్నిసార్లు చదివిందో చెప్పే లెక్క, పై భాగమే తప్పుల లెక్క. రెండూ కలిపి ఒకటిగా చూపించడం వల్ల కొత్త డిస్క్ కూడా కొనప్రాణంతో ఉన్నట్టు అనిపిస్తుంది.

డజన్ల కొద్దీ వరసల్లో ఇంటి విచారణకు కావలసినవి కొన్నే. 5వ నంబరు బదులు పెట్టిన సెక్టర్ల లెక్క, 197 పెండింగ్‌లో ఉన్నవాటిది, 198 డిస్క్ తనంతట తాను వెతికినప్పుడు చదవలేకపోయినవాటిది. ఈ మూడూ పళ్లెం సంగతి చెబుతాయి. 199 మాత్రం వేరే లోకానిది. డిస్క్ నుంచి మదర్‌బోర్డుకు వెళ్లే ప్రతి మూటతోనూ ఒక సరిచూపు అంకె వెళుతుంది. అవతల చేరాక అది సరిపోకపోతే మూటను మళ్లీ పంపమంటారు, 199 ఒకటి పెరుగుతుంది. ఉత్తరం చిరిగి చేరిందంటే దాన్ని రాసినవాడిని తప్పుపట్టలేం, తెచ్చిన దారిని చూడాలి. 5, 197, 198 సున్నాల్లో ఉండి 199 రోజురోజుకూ పెరుగుతుంటే డిస్క్ నిర్దోషి. ముందు కేబుల్‌ను అనుమానించాలి.

దీన్ని గట్టిగా రుజువు చేసే పరీక్ష ఒకటుంది. స్మార్ట్‌లో పొడవాటి స్వీయపరీక్ష అడిగితే డిస్క్ తన పళ్లేలన్నిటినీ తానే చదివి చూసుకుంటుంది. పెద్ద డిస్కులకు గంటల కొద్దీ పడుతుంది. చదివింది లోపలే ఉంటుంది, కేబుల్ ఎక్కదు. కాబట్టి ఈ పరీక్ష శుభ్రంగా నెగ్గి, అదే డిస్క్ నుంచి ఫైళ్లు కాపీ చేస్తుంటే మాత్రం తప్పులొస్తున్నాయంటే, తప్పు పళ్లెంలో లేదని దాదాపు తేలిపోయినట్టే. పరీక్ష సగంలో ఫలానా సెక్టర్ దగ్గర చదవలేక ఆగితే కేబుళ్ల మీద సమయం వృథా చేయనక్కర్లేదు.

విండోస్ ఈవెంట్ వ్యూయర్ కూడా ఇలాంటి సాక్ష్యమే ఇస్తుంది, కాస్త తడబడుతూ. అందులో డిస్క్ పేరు మీద 7వ నంబరు కనబడితే చెడ్డ బ్లాకు. 129 కనబడితే పరికరం పలకక రీసెట్ చేయాల్సొచ్చిందని. 129 డిస్క్ వల్లా రావొచ్చు, దారి వల్లా రావొచ్చు, కరెంటు వల్లా రావొచ్చు. ఒంటరిగా దాన్ని నమ్మి ఏ నిర్ణయమూ తీసుకోకూడదు.

స్మార్ట్ ఎంతవరకు నమ్మదగ్గదన్న ప్రశ్నకు కూడా 2007లోనే జవాబొచ్చింది. గూగుల్ ఇంజనీర్లు తమ దగ్గరున్న లక్షకు పైగా డిస్కులను గమనించి రాసిన పత్రం, ష్రోడర్, గిబ్సన్‌ల పత్రం చదివిన సదస్సులోనే, అదీ హార్డ్ డిస్క్ పుట్టిన శాన్ హోసేలోనే, వెలువడింది. చదువుతుండగా మొదటి స్కాన్ తప్పు కనబడ్డ డిస్క్, తర్వాతి 60 రోజుల్లో పోయే అవకాశం, ఆ తప్పు లేనిదాని కంటే 39 రెట్లు ఎక్కువని తేల్చారు. అది వినగానే స్మార్ట్‌కు దండం పెట్టాలనిపిస్తుంది. అదే పత్రంలో రెండో సంగతీ ఉంది: వేడి లెక్క పక్కన పెడితే, పోయిన డిస్కుల్లో 36 శాతం ముందుగా ఏ స్మార్ట్ సంకేతమూ ఇవ్వకుండానే పోయాయి. చెడు చెబితే నమ్మాలి, మంచి చెబితే అంతగా నమ్మకూడదు. వేడి గురించి కూడా వాళ్లు ఊరి నమ్మకాన్ని కాస్త కదిపారు. మామూలు హద్దుల్లో ఉన్నంత వరకు వేడికీ చావుకీ పెద్ద సంబంధం కనబడలేదు.

కొత్త డిస్కులకు బాలారిష్టాలుంటాయన్న మాట మీద మాత్రం సాక్షులు కలవరు. బ్యాక్‌బ్లేజ్ అనే అమెరికా నిల్వ కంపెనీ 2013లో తన డిస్కుల లెక్కలు బయటపెట్టినప్పుడు, మొదటి ఏడాదిన్నరలో ఏడాదికి 5.1 శాతం చొప్పున పోయాయి, తర్వాతి ఏడాదిన్నరలో అది 1.4కు దిగింది, మూడేళ్లు దాటాక 11.8కి ఎగబాకింది. ష్రోడర్, గిబ్సన్‌లకు మొదట్లో అలాంటి గుట్ట కనబడలేదు, వయసుతో పాటు నిలకడగా పెరగడమే కనబడింది. డేటా కేంద్రాల్లో డిస్క్ పనిలోకి ఎక్కకముందే కొన్నిచోట్ల కాల్చి చూసినట్టు రోజుల తరబడి పరీక్షిస్తారు గనక బలహీనమైనవి అక్కడే రాలిపోయి ఉండొచ్చు. ఇంట్లో ఆ జల్లెడ ఉండదు.

ఇక దారి. సాటా డేటా కేబుల్‌లో ఏడు సన్నటి కొసలుంటాయి, వాటి మీద సెకనుకు 600 కోట్ల బిట్లు పరిగెత్తుతాయి. ఆ కనెక్టర్‌ను రూపొందించిన వాళ్లు అది దాదాపు 50 సార్లు తగిలించి తీయడానికి సరిపోతే చాలనుకున్నారు. పాత కంప్యూటర్ నుంచి తీసిన కేబుల్‌ను కొత్తదాంట్లో పెట్టడం పొదుపే, కానీ విచారణలో మొదట మార్చాల్సిందీ అదే. ఇప్పటి క్యాబినెట్లలో తీగలన్నీ బోర్డు వెనక ఇరుకు సందులోకి తోసి మూత నొక్కి బిగిస్తారు. ముందునుంచి చూస్తే ఫొటోకు బాగుంటుంది, వెనక మాత్రం ఆ మూత డిస్క్ కనెక్టర్‌ను పక్కకు నొక్కుతూ ఉంటుంది. మూత తీసి పరీక్షిస్తే అంతా సవ్యంగా ఉంటుంది, మూత పెట్టగానే డిస్క్ మాయం. దెయ్యం పట్టిందనిపించే ఇలాంటి కేసుల్లో చాలాసార్లు దోషి ఆ రేకే.

ఒకసారికి ఒక్కటే మార్చాలన్నది ఇక్కడ కఠిన నియమం. కేబుల్, పోర్టు, కరెంటు తీగ మూడూ ఒకేసారి మారిస్తే జబ్బు తగ్గుతుంది, ఏ మందుకు తగ్గిందో తెలియదు. 199వ అంకె మామూలు వాడకంలో వెనక్కి తిరగదు, సున్నా కాదు. అందుకని మార్చేముందు దాన్ని కాగితం మీద రాసుకుని, మార్చాక కొన్ని వందల జీబీలు కాపీ చేసి, మళ్లీ చూడాలి. అంకె అక్కడే ఆగిందంటే దారి బాగుపడింది.

కరెంటు దారి ఇంకా గడుసుది. మూడున్నర అంగుళాల డిస్క్ నిలకడగా తిరిగేటప్పుడు తక్కువే తాగుతుంది, కానీ నిద్రలేచి పళ్లేలను తిప్పడం మొదలుపెట్టే క్షణంలో 12 వోల్టుల తీగ మీద రెండు ఆంపియర్ల దాకా లాగుతుంది. ఒకే తీగకు చీలికలు పెట్టి మూడు డిస్కులు తగిలిస్తే ఆ క్షణంలో వోల్టేజీ కుంగుతుంది, డిస్క్ మధ్యలో ఆగి మళ్లీ లేస్తుంది. దీనికీ లెక్క ఉంది. 12వ నంబరు డిస్క్‌కు ఎన్నిసార్లు కరెంటొచ్చిందో, 192 ఎన్నిసార్లు ఆకస్మికంగా పోయిందో చెబుతాయి. కంప్యూటర్ రోజంతా ఆపకుండా నడిచినా ఇవి పెరిగాయంటే డిస్క్‌కు మాత్రం మధ్యమధ్యలో కరెంటు పోతోందన్నమాట.

ఎస్‌ఎంపీఎస్ నుంచి తీగలు విడదీయగల మాడ్యులర్ రకం కొన్నవాళ్లకు ఇంకో ప్రమాదం ఉంది, ఇది డిస్కుల్ని నేరుగా చంపేస్తుంది. డిస్క్ వైపు కొసకు ప్రమాణం ఉంది, ఎస్‌ఎంపీఎస్ వైపు కొసకు లేదు. ఒక కంపెనీ 5 వోల్టులు పెట్టిన చోట ఇంకో కంపెనీ 12 పెడుతుంది. ఒక్కోసారి అదే కంపెనీ తన రెండు మోడళ్లలో కూడా అలా చేస్తుంది. ప్లగ్గు మాత్రం చక్కగా దిగుతుంది. పాత ఎస్‌ఎంపీఎస్ తీగ కొత్తదానికి సరిపోయిందని సంతోషించి స్విచ్ వేస్తే, తగిలించిన డిస్కులన్నీ ఒకేసారి పోతాయి. కొత్త కంప్యూటర్‌లో రెండు డిస్కులు ఒకే రోజు చచ్చాయంటే యాదృచ్ఛికం అని ఎవరూ నమ్మకూడదు.

దీనికి తలకిందులైన కేసు: డిస్క్ అసలు తిరగనే తిరగదు, శబ్దమే ఉండదు, కానీ పూర్తి ఆరోగ్యంగా ఉంటుంది. సాటా ప్రమాణం 3.3 వెర్షన్‌లో, కరెంటు కనెక్టర్‌లోని మూడో కొసకు కొత్త పని ఇచ్చారు. దాని మీద వోల్టేజీ ఉంటే డిస్క్ ఆగిపోవాలి. సర్వర్ గదిలో దూరం నుంచే డిస్క్‌ను ఆపి లేపడానికి అది అవసరం. పాత పద్ధతి ఎస్‌ఎంపీఎస్‌లు అదే కొస మీద 3.3 వోల్టులు నిరంతరం పంపుతుంటాయి. పెద్ద సైజు సర్వర్ డిస్క్‌నో, పోర్టబుల్ డబ్బా పగలగొట్టి తీసిన డిస్క్‌నో ఇంటి కంప్యూటర్‌కు పెడితే అది వినయంగా నోరుమూసుకుని కూర్చుంటుంది. ఆ కొస మీద సన్నటి కాప్టాన్ టేపు ముక్క అతికిస్తే లేచి తిరుగుతుంది.

బోర్డులో కూడా ఒక వల ఉంది. చాలా మదర్‌బోర్డుల్లో ఎం.2 స్లాట్, ఒకటి రెండు సాటా పోర్టులు ఒకే దారిని పంచుకుంటాయి. ఎం.2లో ఎస్‌ఎస్‌డీ పెట్టగానే ఆ పోర్టులు మూగబోతాయి. మాన్యువల్‌లో చిన్న పట్టికలో ఈ సంగతి రాసే ఉంటుంది. మాన్యువల్ డబ్బాలోనే ఉంటుంది.

డిస్క్ చప్పుడు గురించి కొంత చెప్పాలి, ఎందుకంటే తీగలు ఎన్ని మార్చినా పోనిది అదే. పళ్లెం మీద ట్రాకుల మధ్యలో హెడ్‌కు దారి చూపే గుర్తులు ఫ్యాక్టరీలోనే రాసి ఉంటాయి. హెడ్ దెబ్బతిని ఆ గుర్తులు కనబడకపోతే చేయి వెనక్కి వెళ్లి, మళ్లీ వచ్చి, మళ్లీ వెతుకుతుంది. లయ తప్పని టిక్కు, టిక్కు. కరెంటు చాలకపోయినా ఇదే చప్పుడు రావొచ్చు గనక వేరే ఎస్‌ఎంపీఎస్ మీద ఒక్కసారి వింటే తప్పులేదు. అక్కడా టిక్కుమంటే వెంటనే ఆపేయాలి. విలువైనది అందులో ఉంటే తర్వాతి అడుగు డేటా రికవరీ వాళ్ల దగ్గరికే. అలా తిప్పిన ప్రతి నిమిషం పళ్లేన్ని గీకుతూ ఉండొచ్చు.

చప్పుడు లోపలి నుంచి బయటికే కాదు, బయటి నుంచి లోపలికీ వెళుతుంది. 2008 చివర్లో సన్ మైక్రోసిస్టమ్స్ ఇంజనీర్ బ్రెండన్ గ్రెగ్ డిస్కుల వరస ముందు నిలబడి గొంతు చించుకుని అరిచాడు. తెర మీద డిస్కుల జాప్యం గ్రాఫు ఆ క్షణంలోనే నిటారుగా లేచింది. అరుపుకు పళ్లేలు కదిలి హెడ్లు ట్రాకు తప్పి, మళ్లీ దొరకబుచ్చుకోవడానికి పట్టిన సమయమది. అంగుళం వెడల్పులో లక్షల ట్రాకులున్నప్పుడు ఆశ్చర్యపోనక్కర్లేదు. ఇంట్లో ఎవరూ డిస్క్ మీద అరవరు గానీ, నాలుగు మరల బదులు రెండే బిగించి, పక్కనే చౌక ఫ్యాను గుయ్‌మంటుంటే డిస్క్ మందగిస్తుంది. స్మార్ట్‌లో ఏమీ కనబడదు. మరలు బిగిస్తే తగ్గే జబ్బు ఇది.

పళ్లెం, హెడ్, కేబుల్ అన్నీ బాగుండి డిస్క్ చచ్చిన ఘటన కూడా చరిత్రలో ఉంది. సీగేట్ వాళ్ల బర్రకూడా 7200.11 డిస్కులు 2008 చివర్లో, నిన్న రాత్రి బాగానే ఆపినవి, పొద్దున లేవడం మానేశాయి. డిస్క్‌ను లోపలి నుంచి నడిపే ప్రోగ్రామ్ అయిన ఫర్మ్‌వేర్‌లోని ఒక లాగ్‌లో ఎంట్రీల లెక్క ఒకానొక సంఖ్య దగ్గర ఉండగా డిస్క్‌ను ఆన్ చేస్తే అది తనలో తాను తాళం వేసుకునేది. లోపల ఫైళ్లన్నీ భద్రం, అందుకునే దారే లేదు. 2009 జనవరిలో కంపెనీ తప్పు ఒప్పుకుని ఫర్మ్‌వేర్ సవరణ ఇచ్చింది. మొదట ఇచ్చిన సవరణ కొన్ని 500 జీబీ డిస్కులకు పడక వాటినే పనిచేయకుండా చేయడంతో దాన్ని వెనక్కి తీసుకుని మళ్లీ ఇవ్వాల్సొచ్చింది. కొత్త డిస్క్ బిగించిన రోజే దాని ఫర్మ్‌వేర్‌కు సవరణ ఏదైనా ఉందేమో చూడమనడం అందుకే. అయితే కుంటుతున్న డిస్క్‌కు, ఫైళ్లు ఇంకా లోపలుండగా, ఆ పని చేయకూడదు.

విచారణ ముగిసి, తప్పు నిజంగా డిస్క్‌దేనని తేలితే మిగిలింది వారంటీ. బిల్లు, సీరియల్ నంబరు, స్మార్ట్ తెర ఫొటో చాలు. డిస్క్ ఇంకా రాయగలుగుతుంటే పూర్తిగా చెరిపి ఇవ్వాలి. రాయలేని స్థితిలో ఉంటే చెరపడమూ కుదరదు. మొదటి రోజే బిట్‌లాకర్ లాంటి తాళం వేసుకున్నవాళ్లకు ఆ దిగులు ఉండదు. బదులుగా వచ్చేది చాలాసార్లు బాగుచేసిన డిస్క్ అయి ఉంటుంది, వారంటీ షరతుల్లో ఆ మాట రాసే ఉంటుంది.

డబ్బు పెట్టి కొన్నది కూడా కొత్తదో కాదో చూసుకోవాల్సిన రోజులివి. 2025 జనవరిలో జర్మనీలోని హైజె అనే సాంకేతిక వార్తాసంస్థ ఒక మోసం బయటపెట్టింది. కొత్తవని చెప్పి దుకాణాలు అమ్మిన సీగేట్ ఎక్సోస్ డిస్కులు అంతకుముందే పదివేల గంటలకు మించి తిరిగినవి. చియా అనే క్రిప్టో కరెన్సీ తవ్వకాల్లో వాడి పారేసిన సరుకై ఉంటుందని అనుమానం. ఎవరో స్మార్ట్ లెక్కలన్నీ చెరిపి 9వ నంబరులో గంటలు సున్నా చేశారు. సీగేట్ డిస్కుల్లో ఫార్మ్ అనే మరో లోపలి పద్దు కూడా ఉంటుందన్నది వాళ్లు మరిచిపోయారో, చేతకాలేదో గానీ, అందులో అసలు గంటలు అలాగే మిగిలిపోయాయి. స్మార్ట్‌మాన్‌టూల్స్ 7.4 వెర్షన్ నుంచి ఆ పద్దును ఎవరైనా చదవొచ్చు. డబ్బా విప్పిన రోజు 9వ నంబరూ ఫార్మ్ గంటలూ రెండూ సున్నాకు దగ్గర్లో, ఒకదానికొకటి సరిపోయేలా ఉండాలి. సరిపోకపోతే ఫైళ్లు ఎక్కించకముందే, బిల్లుతో సహా షాపుకు తీసుకెళ్లి ఇచ్చేయాలి.